వేసవికి వంటింటి అద్దాల అల్మరా: పెద్దల నాటి సామానులో ఏవి ముందుకు, ఏవి లోపలికి

వేసవికి అల్మరా సర్దుదాం అనుకోగానే చాలామంది అటక మీది పెట్టె దించి, అందులో ఉన్నదంతా అరల్లోకి ఎక్కించేస్తారు. ఎండాకాలానికి ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. చలికాలంలో నిండుగా కనిపించిన అరే ఎండల్లో ఇరుగ్గా, ఉక్కగా కనిపిస్తుంది. వేసవి కళ ఖాళీ వల్ల వస్తుంది, వెలుతురు వల్ల వస్తుంది. కాబట్టి ఏం పెట్టాలన్నది తర్వాత, ముందు ఏం తీయాలో చూడండి. ప్రతి అరలో మూడో వంతు ఖాళీగా మిగలాలి.

ఇంకో మాట కూడా మొదట్లోనే అనుకోవాలి. కాలానికి తగ్గట్టు మారాల్సింది వెనక పలక, పరిచే గుడ్డ, సామాను అమరిక. నాయనమ్మ నాటి గిన్నె మారకూడదు. మూడు నెలల ముచ్చట కోసం దానికి రంగు పూస్తే, బెజ్జం కొడితే, నాలుగో నెలలో పాత గిన్నె తిరిగి రాదు. కింద చెప్పే ప్రతి ఎంపికలోనూ మేం చూసింది ఇదే: సీజన్ అయ్యాక ఇదంతా ఆనవాలు లేకుండా తీసేయగలమా?

తలుపులు ఉంచాలా, తీయాలా

తలుపులు తీసేసి అరలు తెరిచి పెట్టడం చూడ్డానికి హాయిగా ఉంటుంది, గాలి ఆడుతున్నట్టుంటుంది. చిక్కల్లా జిడ్డుతోనే. పొయ్యి మీద నుంచి లేచే నూనె తుంపర కంటికి కనపడదు, కానీ పోయి చల్లగా ఉన్న వస్తువు మీద వాలుతుంది. వేసవిలో కిటికీలు తెరిచి ఉంటాయి, ఫ్యాను తిరుగుతుంది, దుమ్ము దాని మీద అంటుకుంటుంది. వారానికోసారి చేతిలోకి వచ్చి కడిగే గిన్నెకు దీనివల్ల నష్టమేమీ లేదు. మూణ్ణెల్లు కదలకుండా కూర్చున్న పింగాణీ పళ్లెం మీద మాత్రం ఆ నూనె గాలి తగిలి గట్టిపడి, పసుపు రంగు వార్నిష్‌లా తయారవుతుంది. అప్పుడు సబ్బునీళ్లకు లొంగదు, గట్టిగా రుద్దితే అంచున ఉన్న బంగారు గీత కూడా దానితో పాటే పోతుంది.

అందుకని లెక్క ఇలా పెట్టుకోండి. వారానికోసారైనా వాడేవి తెరిచిన అరల్లో ఉండొచ్చు. చూసుకోవడానికే తప్ప వాడనివన్నీ అద్దం వెనకే ఉండాలి. రెండు రకాలూ ఉంటే, కింది అరల తలుపులు తీసి పై అరలవి ఉంచితే సరిపోతుంది. అన్నీ ఒకేలా ఉండాలన్న నియమమేమీ లేదు.

తలుపు తీయడం తేలికే గానీ తొందరపడితే బందులు వంగుతాయి. ఈ కాలపు క్యాబినెట్లకు ఎక్కువగా ఉండేవి తలుపు లోపలి వైపు 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో కూర్చునే బందులు. వాటిలో క్లిప్ రకమైతే వెనక చిన్న మీట ఉంటుంది, నొక్కితే ఊడుతుంది. ముందు కింది బందు విప్పాలి, పైది చివర్న. బిగించేటప్పుడు పైది ముందు. ఇంకొకరు తలుపు పట్టుకుని ఉండాలి, పై బందు ఊడగానే బరువంతా చేతి మీద పడుతుంది. ప్రతి తలుపు లోపల మాస్కింగ్ టేపు మీద అది ఏ వైపుదో, ఎన్నోదో రాసి, దాని స్క్రూలు చిన్న సంచిలో వేసి ఆ తలుపుకే కట్టండి. నాలుగు తలుపుల స్క్రూలూ ఒకే డబ్బాలో వేస్తే తిరిగి బిగించే రోజున గంట గడిచిపోతుంది.

తలుపు బదులు గుడ్డ తెర మూడో దారి. గోడకు బెజ్జం అక్కర్లేకుండా, లోపలి స్ప్రింగ్ బిగువుతో రెండు పక్కలకూ ఆనుకుని నిలబడే కడ్డీలు దొరుకుతాయి. తేలికపాటి నూలుగుడ్డకు అవి చాలు. ముచ్చటగా కుచ్చిళ్లు రావాలంటే గుడ్డ వెడల్పు అల్మరా వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. అయితే పొయ్యి నుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరున్న అల్మరాకు గుడ్డ తెర ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

క్యాబినెట్ పైన, కప్పుకు కిందున్న జాగా చూస్తే చాలామందికి చెయ్యి ఊరుకోదు. వేడి, ఆవిరి, జిడ్డు మూడూ పైకే పోతాయి కాబట్టి వంటింట్లో అంతకన్నా చెడ్డ చోటు లేదు. అక్కడ స్టీలు, ఎనామెల్, గాజు లాంటి గట్టిగా కడగదగ్గవి మాత్రమే పెట్టి, అడుగున పాత కాగితం పరవండి. నెలకోసారి కాగితం మారిస్తే పలక తుడిచే బాధ తప్పుతుంది.

వెనక పలక: రంగు, కాగితం, గుడ్డ

వేసవి మార్పు కంటికి తెలిసేది ఇక్కడే. లేత నీలమో, లేత ఆకుపచ్చో వెనక పడిందంటే ఉన్న సామానే కొత్తగా కనిపిస్తుంది.

రంగు వేస్తే చక్కగా, శుభ్రంగా ఉంటుంది, తుడుచుకోవచ్చు. అయితే నీటి రంగు చేతికి అంటకుండా ఆరడానికి గంటో రెండు గంటలో పట్టినా, లోపల గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు కావాలి. తలుపు మూసిన అల్మరాలో ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా బరువైన పళ్లెం ఆనించారా, అది పలకకు అతుక్కుపోతుంది, తీస్తే రంగు పొరతో సహా వస్తుంది. రంగు నుంచి వచ్చే ఆవిర్లు మూసిన అరలో ఉన్న వెండిని, సీసం కలిసిన పాత సామానును పాడు చేస్తాయి కూడా. కాబట్టి రంగు వేసేట్టయితే ఎండలు ముదరకముందే వేసి, తలుపులు తెరిచి నెల రోజులు వదిలేయాలి. ఆ అల్మరాయే పెద్దల నాటిదైతే రంగు మాట ఎత్తొద్దు.

మిగిలిపోయిన వాల్‌పేపర్, పాత పటాల కాగితం, బహుమతులకు చుట్టిన అందమైన కాగితం, ఇలాంటివి అయిదు నిమిషాల పని. సింకు పక్కనో పొయ్యి పక్కనో ఉంటే ఆవిరికి ఉబ్బి అంచులు లేస్తాయి, నూనె మరక ఒక్కటి పడితే పోదు. దూరంగా ఉన్న అద్దాల అల్మరాకు బాగుంటుంది. జిగురుతో అంటించకండి. ఒక అట్టకు చుట్టి నిలబెట్టండి.

మా ఓటు గుడ్డ తొడిగిన పలకకే. పాత దుప్పటి, చిరిగిన కర్టెన్‌లో మిగిలిన మంచి భాగం, అంచు పోయిన టేబుల్ క్లాత్ దీనికి చాలు.

కొలతతో మొదలు. అర లోపలి వెడల్పును పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలవండి. పాత అల్మరాల్లో మూడూ ఒకటి కావు. అందులో తక్కువ అంకె తీసుకుని దాన్నుంచి 4 మిల్లీమీటర్లు తగ్గించండి, గుడ్డ మందం రెండు పక్కలా పడుతుంది గదా. ఎత్తుకూ అంతే. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు గానీ, మంచి అట్టపెట్టె ముక్క గానీ ఆ కొలతకు కోయండి. అరల పలకలు కదలనివైతే అరకొక ముక్క కోసుకోవాలి. గుడ్డను ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి, లేకపోతే తర్వాత చెమ్మకు ముడుచుకుని అట్టను విల్లులా వంచుతుంది. నాలుగు వైపులా 4 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, బయటికి కనపడాల్సిన వైపు కిందకు పెట్టి, దాని మీద అట్ట పెట్టండి.

ఇప్పుడు జిగురు వాడకుండా, బలమైన దారంతో వెనకవైపు ఈ అంచు నుంచి ఆ అంచుకు, మంచానికి నులక బిగించినట్టు లాగి కుట్టుకుంటూ రండి. కుట్టుకూ కుట్టుకూ మధ్య రెండు వేళ్ల దూరం ఉంటే చాలు. నిలువు వైపులు అయ్యాక అడ్డం వైపులు. మూలల్లో అదనపు గుడ్డను కవరు మడిచినట్టు మడవండి. మొత్తం కుట్టాక దారాన్ని మొదటి నుంచి ఒక్కొక్క వరుసా లాగి బిగువు సరిచేస్తే ముందు వైపు ముడత ఉండదు. కింద అంచున వెనక నుంచి ఒక వేలెడు రిబ్బను ముక్క కుట్టి బయటికి వదలండి. అది లేకపోతే బిగువుగా కూర్చున్న పలకను తీయడానికి కత్తి మొన దూర్చాల్సి వస్తుంది, పక్క పలక చెక్కుకుపోతుంది.

ఇక్కడ చారల గుడ్డ జోలికి పోకపోవడం మంచిది. రెండు మిల్లీమీటర్లు వంకర పోయినా పక్కనున్న నిలువు చెక్క దాన్ని ఎత్తి చూపిస్తుంది. సాదా గుడ్డ, లేదా చిన్న పువ్వు అచ్చు ఉన్నది తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది.

చేతి అల్లిక లేసు, ఎంబ్రాయిడరీ ముక్క లాంటి ఇంటి పాతవి ఉంటే వాటిని కత్తిరించకండి. ఈ పలక మీద నాలుగు మూలలా వదులు కుట్లతో నిలబెట్టండి. టేపు, గుండుసూది, స్టేప్లర్ ఏదీ తగలకూడదు. టేపు జిగురు ఏళ్లకు పసుపుబారి దారంలోకి ఇంకుతుంది, సూది తుప్పు మరక ఇక వదలదు. ఎండ నేరుగా పడే అర అయితే లేసు బదులు మామూలు గుడ్డ ముక్క పెట్టి, లేసును లోపలికి మార్చండి. కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాలన్నిటినీ ఆపదు. ఒక వేసవి ఎండకు రంగుదారం వెలిసిందంటే ఇక అంతే.

ఏ సామాను వేసవికి తగింది

ఇత్తడి, రాగి, కంచు పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది మెరుగు పెట్టాలా వద్దా అన్నది. తోమిన ప్రతిసారీ లోహం సన్నటి పొర పోతుంది. గిన్నె అంచున చెక్కిన పేరు, తేదీ మసకబారేది తోముడు వల్లే. గోధుమ రంగులో, అంతటా ఒకేలా కమ్ముకున్న పాత రంగు హాని కాదు, అది ఉండనివ్వండి. ఆకుపచ్చ పొడిలా లేచే చిలుము మాత్రం తీయాల్సిందే, అది లోహాన్ని తింటుంది.

తోమే ముందు ఇంకొకటి చూడండి: కొన్ని ఇత్తడి వస్తువులకు కర్మాగారంలోనే పారదర్శకమైన లక్క పొర వేసి ఉంటుంది. మెరుస్తున్న చోట్లకూ నల్లబడ్డ చోట్లకూ మధ్య గీత గీసినట్టు అంచు కనిపిస్తే లక్క పొర చెదిరిందని అర్థం. అలాంటిదాన్ని తోమితే మచ్చలమచ్చలుగా తయారవుతుంది. మెత్తటి తడిగుడ్డతో తుడిచి వదిలేయండి.

లక్క లేకపోతే నిమ్మరసంలో చిటికెడు ఉప్పు వేసి గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాల్లో కడిగేయాలి. నానబెట్టి వేరే పనిలో పడ్డారంటే ఇత్తడిలోని జింకును పులుపు లాగేస్తుంది. అప్పుడు పసుపు రంగు మీద గులాబీ రంగు మచ్చలు తేలతాయి. అది మురికి కాదు, బయటపడ్డ రాగి.  కడిగాక మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, అతుకుల్లో, పిడి మొదట్లో నీటి బొట్టు మిగలకుండా గంటసేపు నీడన బోర్లించండి. చిలుము మొదలయ్యేది ఆ అతుకుల్లోనే. చివర్లో చేతివేళ్లతో కాకుండా గుడ్డతో పట్టుకుని అరలో పెట్టండి. చెమట వేలిముద్ర రెండు వారాల్లో గోధుమ మచ్చగా తేలుతుంది.

లోపల కళాయి ఉన్న రాగి, ఇత్తడి గిన్నెలో ఎర్రగా లోహం తొంగి చూస్తుంటే అది చూపుకే గాని పులుపు పెట్టడానికి పనికిరాదు. కళాయికి వాడే తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే పొర అక్కడక్కడా ముద్దకట్టేది అందుకే.

ఇత్తడి వేసవికి బరువుగా కనిపిస్తుందని కొందరు పక్కన పెట్టేస్తారు. అది వెనక రంగుతో వచ్చే ఇబ్బంది. పసుపు, కాషాయం, ముదురు చెక్క వెనక ఉంటే వేడిగా అనిపిస్తుంది. అదే ఇత్తడి లేత నీలం ముందు, పక్కన రెండు గాజు సీసాలతో ఉంటే తేలికపడుతుంది. రాగికి లేత ఆకుపచ్చ నప్పుతుంది. అరకు రెండు లోహ వస్తువులు మించొద్దు.

వెండి సంగతి వేరు. దాన్ని నల్లగా చేసేది గాల్లోని గంధకం. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, రబ్బరు రింగు మూత ఉన్న సీసాలు, ఇవన్నీ గంధకం వదిలేవే. వంటింటి అల్మరాలో వెండి పెట్టాలంటే తలుపు బిగుతుగా పట్టే అద్దం అర ఉండాలి, రబ్బరు మ్యాట్ బదులు నూలుగుడ్డ పరవాలి, మూలన చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంచాలి. ఇన్ని పట్లు కుదరకపోతే వేసవికి వెండి లోపలే నయం. నల్లబడితే అల్యూమినియం రేకు, సోడా వేడినీళ్లలో ముంచే చిట్కా అందరికీ తెలుసు. అది పని చేస్తుంది కూడా. కానీ చెక్కడపు గీతల్లో కావాలని ఉంచిన నలుపును కూడా తీసేస్తుంది, లక్కతో అతికిన పిడులున్న కత్తుల్లో అతుకు వదిలిపోతుంది. పెద్దల నాటి వెండికి మెత్తటి గుడ్డే మేలు.

పింగాణీకి వేసవిని మించిన కాలం లేదు. తెల్లటిది, నీలి పువ్వులది ఉంటే ఇంకేమీ కొనక్కర్లేదు. పెట్టేముందు ప్రతిదాన్నీ ఒకసారి వినండి. పళ్లేన్ని మూడు వేళ్ల మీద తేలిగ్గా నిలిపి, రెండో చేతి గోటితో అంచును మీటండి. బాగున్నదైతే గంటలా సాగుతుంది. పగులున్నదైతే చెక్కను కొట్టినట్టు ‘డబ్’మని అక్కడే ఆగిపోతుంది, పగులు కంటికి కనపడకపోయినా. అలాంటిది గోడకానించే వరుసలోకి కాదు, కింది అరలో చదునుగా పడుకోవాలి. మట్టిపాత్రలకు ఈ పరీక్ష పనికిరాదు, వాటి శబ్దం సహజంగానే మందంగా ఉంటుంది.

పైపూతలో వెంట్రుకల్లా వల కట్టిన పగుళ్లుంటే నానబెట్టకండి, బ్లీచ్ అసలొద్దు. లోపలికి ఇంకింది ఆరేకొద్దీ పూతను కిందినుంచి లేపుతుంది. ఆ పళ్లేల్లో తినడం కూడా మానండి. పాత పూతల్లో సీసం ఉండొచ్చు, రంగురంగుల చేతి బొమ్మలున్న వాటిలో ముఖ్యంగా.

కప్పుల్ని కొక్కాలకు వేలాడదీయడం అందమే. పిడి ఎప్పుడో విరిగి అతికించినదైతే మాత్రం వద్దు. అతుకు జాడ తెలియాలంటే పిడి మొదట్లో టార్చి వెలుగు పక్కవాటంగా వేసి చూడండి, సన్నటి పసుపు గీత బయటపడుతుంది. కొక్కెం బిగించే ముందు 2 మిల్లీమీటర్ల బెజ్జం చేయాలి, లేకపోతే చెక్క చీలుతుంది. 18 మిల్లీమీటర్ల పలకలో 12 మిల్లీమీటర్ల మర దిగితే చాలు. కప్పుకూ కప్పుకూ మధ్య ఎడం కప్పు వెడల్పు మీద ఒక బొటనవేలంత ఎక్కువ ఉండాలి, తీసేటప్పుడు పక్కదానికి తగలదు.

గాజులో రెండు జాగ్రత్తలు. బరువుగా, మీటితే మోగే కట్ గ్లాస్ సామానులో సీసం ఉంటుంది. ఐరోపా నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్ అని పిలవాలంటే 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉండాలి. చూడ్డానికి, అప్పటికప్పుడు తాగడానికి ఇబ్బంది లేదు, రసాలు, పానీయాలు అందులో నిలవ ఉంచకూడదు. రెండోది నిజంగా వేసవి ప్రమాదం: గుండ్రటి గాజు గోళం, నీళ్లు నింపిన గుండ్రటి గాజు కూజా నేరుగా ఎండ పడే చోట ఉంటే భూతద్దంలా పనిచేస్తాయి. వాటి వెనక గుడ్డ పలకో కాగితమో ఉంటే రాజుకోవచ్చు. కిటికీకి ఎదురుగా ఉన్న అరలో నిలువు గోడల సీసాలే పెట్టండి.

ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న పాత గ్లాసులుంటే లాగకండి. లోపలిదాంట్లో చల్లటి నీళ్లు పోసి, బయటిదాన్ని గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే విడివడతాయి. వేడినీళ్లు పోస్తే చిట్లుతాయి.

ఎనామెల్ సామాను వేసవికి భలే అందం. పెచ్చు లేచిన చోట నీరు తగలకుండా చూస్తే చాలు. చెక్కవి పెట్టేముందు చిన్న బెజ్జాలున్నాయేమో చూడండి. కింద నల్లకాగితం పరిచి వారం తర్వాత దాని మీద కొత్త పిండి రాలితే లోపల పురుగు బతికే ఉంది, అది అల్మరాలోకి రాకూడదు. చేతిరాతతో ఉన్న వంటల కాగితాలు, ఫొటోలు ఉంటే అసలు లోపల, నకలు బయట. నకలు తీయడం ఎంతసేపు.

పాత సామాను మళ్లీ వాడడంలో

ఖాళీ సీసాలు అన్నిటికన్నా సులువు, నష్టం లేనివి. లేబుల్ వదలాలంటే లీటరు గోరువెచ్చటి నీటికి ఒక చెంచా వంటసోడా కలిపి అరగంట నాననివ్వాలి. మిగిలిన జిగురు మీద వంటనూనె, సోడా కలిపిన ముద్ద పూసి పావుగంట ఆగి తోమితే ఉండలు కట్టి వచ్చేస్తుంది. వాసన పట్టేది సీసాకు కాదు, మూత లోపలి పొరకు. మూత మార్చండి లేదా మూత లేకుండా వాడండి. ఎత్తులు మూడు రకాలు ఉండేలా, రంగు ఒక్కటే ఉండేలా ఏరుకుంటే అవి ఏరిపెట్టినట్టు ఉంటాయి, లేకపోతే పాత సామాన్ల కొట్టు కళ వస్తుంది.

బొమ్మలు అచ్చేసిన పాత రేకు డబ్బాలు సీసాలకన్నా కళగా ఉంటాయి గానీ సుకుమారం ఎక్కువ. నీళ్లు తగలకూడదు, పొడి గుడ్డే. ఎండ పడితే ఎరుపు, గులాబీ రంగులు ముందు వెలుస్తాయి. లోపల తిండి వస్తువులు పోయకండి.

పాత చెక్క సొరుగును నిలబెట్టి అరలో చిన్న అరలా వాడడం మంచి ఆలోచన, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున్న సొరుగు 30 సెంటీమీటర్ల అరలో హాయిగా పడుతుంది, ముందు జాగా కూడా మిగులుతుంది. పాత కిటికీ రెక్కను అల్మరాకు తలుపుగా బిగించడం మాత్రం రెండుసార్లు ఆలోచించాల్సిన పని. బరువు ఒకటి: అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికీ చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది, అంటే 3 మిల్లీమీటర్ల అద్దం ఏడున్నర కిలోలు, చట్రం బరువు వేరే. రెండు బందుల బదులు మూడు వేయాలి. రంగు రెండోది: ఇళ్ల రంగుల్లో సీసాన్ని అమెరికాలోనే 1978లో నిషేధించారు, అంతకుముందు పూసిన పాత పొరల్లో అది ఉందనే అనుకోవాలి. పొడిగా రుద్దితే ఆ ధూళి వంటింట్లోనే తేలుతుంది. పెచ్చులు ఊడే రెక్క వంటింట్లోకే రావద్దు.

జత పోయిన సామానే ఈ పనికి బాగా అచ్చొస్తుంది. మూత పగిలిన టీ కెటిల్‌లో చిన్న గాజు గ్లాసు దించి పూలు పెట్టొచ్చు, నీళ్లు కెటిల్‌కు తగలవు. ఒంటరి సాసర్లు సీసాల కింద పీటలవుతాయి. పగుళ్ల గిన్నె చెంచాలు పట్టుకుంటుంది. తాజా పూలు మాత్రం మూసిన అద్దం అర లోపల పెట్టకండి. నీటి ఆవిరికి అద్దం చెమరుస్తుంది, లోహం నల్లబడుతుంది, గుడ్డకు బూజు వస్తుంది. గట్టు మీద పెట్టండి, పండ్ల పళ్లేనికి దూరంగా. మగ్గే పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు పూలు తొందరగా వాడతాయి.

బరువు, నిలబెట్టడం

పాత సామాను బరువును ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తాం. 18 మిల్లీమీటర్ల చెక్కపొట్టు పలక 60 సెంటీమీటర్ల నిడివికి బాగానే ఆగుతుంది, 90కి వంగుతుంది. అదే బరువు మీద నిడివి రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది. పలక ముందంచున ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టి చూడండి. మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్లు సందు కనిపిస్తే బరువు అప్పటికే ఎక్కువైంది. బరువైన గిన్నెలు మధ్యలో కాకుండా చివరలకు, ఆధారం దగ్గరికి జరపండి. అన్నిటికన్నా బరువైనవి కింది అరలోనే.

పళ్లేలు ఆనించి నిలబెట్టాలంటే అడుగున ఒక అడ్డు ఉండాలి. అల్మరాకు మేకులు కొట్టకుండా, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను అర కొలతకు కోసి, దాని మీద 8 మిల్లీమీటర్ల చదరపు బద్ద అంటించి, ఆ ముక్కను అరలో పరచండి. 25 సెంటీమీటర్ల పళ్లేనికి వెనక నుంచి బద్ద దూరం 6 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్లదానికి నాలుగున్నర. ఇంతకన్నా దగ్గరైతే తలుపు విసురుకు పళ్లెం ముందుకు తూలుతుంది, దూరమైతే వాలు ఎక్కువై అడుగు జారుతుంది. స్ప్రింగు తీగ హ్యాంగర్లు బిగువెక్కువైతే అంచు పెచ్చు లేపుతాయి, పెద్దల నాటి పళ్లేలకు అవి వద్దు.

లోపల దీపం పెట్టాలనుకుంటే హాలోజెన్ వద్దు, ఎల్‌ఈడీ పట్టీ పెట్టండి. పట్టీ మీద రాసి ఉండే కెల్విన్ అంకె వెలుగు రంగును చెబుతుంది, తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు. ఇత్తడి ఉన్న అరకు 2700 నుంచి 3000 కెల్విన్ వెలుగు, గాజుకూ తెల్ల పింగాణీకీ 4000. రెండూ ఒకే అరలో ఉంటే 3000 ఇద్దరికీ రాజీ.

సీజన్ దాటాక తీసే ముందు ప్రతి అరనూ ఫొటో తీసుకోండి, వచ్చే ఏడు కొలతలు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. చుట్టడానికి పాత వార్తాపత్రిక వద్దు, సిరా తెల్ల పింగాణీ పగుళ్లలోకి దిగుతుంది, కాగితంలోని ఆమ్లం గుడ్డను పసుపు చేస్తుంది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ బంధిస్తే లోహం నల్లబడుతుంది. ఉతికిన పాత నూలు పంచెల ముక్కలు, దిండు గలీబులు ఇందుకు సరిపోతాయి. పళ్లేలు పేర్చేటప్పుడు నడుమ ఒక్కొక్క గుడ్డ, ఒక దొంతరలో ఎనిమిది మించకుండా. గుడ్డ పలకలను నిలబెట్టి ఆనించకుండా చదునుగా పడుకోబెట్టి ఉంచండి, వంకర తిరగవు.